నల్ల పెయింటు కింద ఏ చెక్క? నా బేస్ గిటార్ అమ్మిన అనుభవం

ఎనిమిదేళ్లు నా దగ్గరున్న బేస్ గిటార్‌ని ఈమధ్యే అమ్మేశాను. అమ్మడానికి పెద్ద కారణమేమీ లేదు, భుజం నొప్పి. గంటసేపు నిలబడి వాయిస్తే ఎడమ భుజం లాగేసేది. అందుకని 30 అంగుళాల స్కేలున్న (అంటే మోగే తీగ పొడవు) తేలికపాటి బేస్ ఒకటి కొనుక్కున్నాను. పాతది స్టాండు మీద దుమ్ము పట్టిపోతుంటే చూడబుద్ధి కాలేదు. ఓ వారంలో అమ్ముడైపోతుందనుకున్నా, ఏడు వారాలు పట్టింది. అంత ఆలస్యానికి కారణం ప్రకటనలో నేను రాసిన ఒకే ఒక్క మాట: ఆల్డర్, ఒక చెక్క పేరు.

నాది నాలుగు తీగల బేస్. 34 అంగుళాల స్కేలు, మేపుల్ చెక్కతో చేసిన నెక్ (గిటార్ పొడవాటి మెడ), దాని మీద ఫ్రెట్లు అనే లోహపు గీతలు దిగేసిన రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డు, వాల్యూమ్ నాబ్ ఒకటి, టోన్ నాబ్ ఒకటి. బాడీకి దట్టంగా నల్ల పెయింటు. నేనూ దాన్ని సెకండ్‌హ్యాండ్‌లోనే కొన్నాను. అప్పుడు అమ్మినాయన "ఆల్డర్ బాడీ అండీ, అందుకే ఈ సౌండ్" అన్నాడు. నేను నమ్మాను. ఎనిమిదేళ్లపాటు అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ అదే మాట చెప్పాను. కొన్నిసార్లు ఆ ఆల్డర్ సౌండ్ నాకు వినపడుతోందని కూడా అనుకున్నాను.

ఆ పేరుకి అంత మోజు ఊరికే రాలేదు. ఫెండర్ కంపెనీ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు బాడీ యాష్ చెక్కతో ఉండేది. 1950ల మధ్య నుంచి ఎక్కువగా ఆల్డర్‌కి మారారు. ఆల్డర్ తేలిగ్గా దొరికేది, పెయింటు పట్టించడమూ సులువు. 1960లలో రికార్డుల్లో వినిపించిన బేస్ శబ్దంలో చాలా భాగం ఆ గిటార్లదే. దాంతో ఆ చెక్క పేరు ఓ ముద్రలా స్థిరపడిపోయింది. ప్రకటనలో ఆల్డర్ అని కనబడితే రెండు మెసేజ్‌లు ఎక్కువ వస్తాయి. నాకూ వచ్చాయి. సగం మంది "లాస్ట్ ఎంత?" అని అడిగి మాయమయ్యారు. ఒకతను నా గిటార్‌కి తన కీబోర్డు, దాంతోపాటు ఓ సైకిలూ ఇస్తానన్నాడు. వాళ్ల సంగతి వదిలేద్దాం.

ఓ కుర్రాడు మాత్రం సూటిగా అడిగాడు. "అన్నా, ఆల్డర్ అని రాశారు కదా, మీకెలా తెలుసు?"

నా దగ్గర జవాబు లేదు. ఎవరో చెప్పారని చెబితే బాగుండదు. "పెయింటు లేనిచోట ఎక్కడైనా ఓ ఫోటో తీసి పంపుతారా?" అన్నాడు. సరేనన్నాను. అప్పటికి నాకు అదేమంత పెద్ద పనిలా అనిపించలేదు.

ఆ రాత్రి తీగలు వదులు చేసి పిక్‌గార్డ్ (బాడీ మీది ప్లాస్టిక్ పలక) విప్పాను. పదమూడు స్క్రూలు. కింద చూస్తే లోపలంతా నల్లగానే ఉంది. హమ్ (గుయ్‌మనే మోత) రాకుండా పికప్ (తీగల కదలికని పట్టే అయస్కాంతం) గుంటలోనూ, నాబ్‌ల కింది భాగాలు కూర్చున్న గుంటలోనూ కరెంటు ప్రవహించే నల్ల పెయింటు పూస్తారు. అది చెక్క మొత్తాన్ని కప్పేసింది. మిగిలింది నెక్ కూర్చునే గుంట. వెనక నాలుగు పొడవాటి స్క్రూలు తీసినా నెక్ రాలేదు. ఇక్కడ స్క్రూడ్రైవర్ దూర్చి పైకి లేపితే పెయింటు పెచ్చులు లేచిపోతాయని అంతకుముందే ఎక్కడో చదివాను. కాబట్టి ఓపిగ్గా అటూ ఇటూ చిన్నగా కదిపాను. టప్‌మని ఊడింది.

గుంట అంచుల్లో పెయింటు తుంపరలున్నాయి. అడుగున మాత్రం పెయింటు లేని చెక్క కనబడింది. పెన్సిల్‌తో గీసిన ఓ అంకె, దాని మీద చతురస్రంగా కత్తిరించిన విజిటింగ్ కార్డు ముక్క ఉన్నాయి. నెక్ కోణం కాస్త మారడానికి ఎవరో పెట్టిన షిమ్ అది. కార్డు మీద ఎవరిదో పేరులో మూడక్షరాలు మిగిలాయి. దాన్ని పక్కనబెట్టి టార్చ్ వేసి చూశాను. చెక్క మీగడ రంగులో ఉంది. చారలు దాదాపు లేవు. ఆల్డర్ అయితే లేత గోధుమ రంగులో, కొంచెం ఎరుపు తిరిగి ఉండాలి. పాప్లార్ అయితే ఆకుపచ్చ జీరలు కనబడతాయి. ఇక్కడ ఏవీ లేవు, తెల్ల కాగితంలా ఖాళీగా ఉంది. గోరుతో నొక్కితే నెలవంక ఆకారంలో గుర్తు పడింది. ఆ గుర్తుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఎనిమిదేళ్ల మాట అక్కడే పోయింది.

అయితే గోరు పరీక్ష ఒక్కదాన్నే నమ్మి ఏదీ తేల్చకూడదు. ఆల్డర్ కూడా మెత్తని చెక్కే. బరువు చూసి చెబుదామన్నా కష్టమే. ఎర్ర ఆల్డర్ ఎండిన తర్వాత ఘనపు మీటరుకి సుమారు 450 కిలోలు ఉంటుంది, నాకు అనుమానం వచ్చిన బాస్‌వుడ్ అనే చెక్క 415 దగ్గర ఉంటుంది. గిటార్ బాడీ అంత ముక్కలో ఆ తేడా చేతికి తెలియదు, పైగా ఒకే జాతి చెట్టులోనూ ముక్కకీ ముక్కకీ బరువు మారుతుంది. మర్నాడు బాడీనీ నెక్‌నీ విడివిడిగా సంచిలో పెట్టుకుని గిటార్లు రిపేరు చేసే పెద్దాయన దగ్గరికి పోయాను.

ఆయన గుంట వైపు ఒక్కసారి చూసి "బాస్‌వుడ్" అన్నాడు. నా మొహం చూసి "అయితే ఏమైంది? మంచి చెక్కే కదా" అన్నాడు.

పేరు గురించి ఒక మాట. ఇంగ్లీషులో బేస్‌కీ బాస్‌వుడ్‌లోని బాస్‌కీ స్పెల్లింగ్ ఒకటే కావడంతో ఇది బేస్ గిటార్ల కోసమే ఉన్న చెక్క అనుకునేవాళ్లున్నారు. సంగీతానికీ ఆ పేరుకీ సంబంధం లేదు. ఆ చెట్టు లోపలి బెరడు నుంచి నార తీసేవారు, ఆ నార పేరే చెట్టుకి వచ్చింది. తెలుగులో రాస్తే ఈ గొడవ లేదు, రెండూ వేరువేరుగానే కనబడతాయి.

పెద్దాయన బాడీని పక్కకి తిప్పి, వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకున్నాడు. నల్ల పెయింటు మీద వెంట్రుకంత సన్నగా రెండు గీతలు కనబడ్డాయి. ఎనిమిదేళ్లలో నేనెప్పుడూ చూడలేదు. చెక్క ఏళ్ల తరబడి కాస్త కుంచించుకుపోతే జిగురు అతుకులు పెయింటు పైకి అలా తేలతాయట. అంటే నా గిటార్ బాడీ మూడు ముక్కలు. పారదర్శకంగా పాలిష్ వేసిన గిటార్లకి అందమైన చెక్క, తక్కువ ముక్కలు వాడతారు. దట్టమైన రంగు వేసేవాటికి ఎన్ని ముక్కలు అతికించినా కనబడదు కాబట్టి అక్కడ సర్దుబాటు చేస్తారు. మూడు ముక్కలంటే నాసిరకమని కాదు. అతుకు బాగుంటే చాలు. ప్లైవుడ్ అయితేనే వేరే సంగతి. స్క్రూ రంధ్రాల్లోకి తొంగిచూస్తే పొరలు పొరలుగా కనబడుతుంది.

ఆయన తర్వాత అన్న మాట నాకు బాగా గుర్తుండిపోయింది. "అందరూ బాడీ ఏ చెక్క అని అడుగుతారు. నెక్‌ని దుంగలోంచి ఏ వాటంలో కోశారో ఒక్కడూ అడగడు."

నెక్ మడమ వైపు (బాడీలో కూర్చునే) కొసని నా ముందు పెట్టాడు. అక్కడ చెట్టు వలయాల గీతలు కనబడతాయి. నా నెక్‌లో అవి ఫ్రెట్‌బోర్డుకి దాదాపు సమాంతరంగా, చాపలు పరిచినట్టు పడుకుని ఉన్నాయి. అంటే ఫ్లాట్‌సాన్. గీతలు నిటారుగా నిలబడి ఉంటే క్వార్టర్‌సాన్. చెక్క తేమకి ఉబ్బడం, ఆరితే కుంచించుకోవడం అన్ని దిక్కుల్లోనూ ఒకేలా జరగదు. వలయాల వెంబడి జరిగేది, వలయాలకి అడ్డంగా జరిగేదానికి సుమారు రెట్టింపు ఉంటుంది. అందుకే క్వార్టర్‌సాన్ నెక్ వాతావరణానికి తక్కువ మారుతుందంటారు. కానీ ఒక దుంగలోంచి అలాంటి పలకలు తక్కువే వస్తాయి, ఖరీదూ ఎక్కువే. మంచి పేరున్న పాత గిటార్లలోనూ ఫ్లాట్‌సాన్ నెక్‌లే ఎక్కువ. ఆయన దానికంటే ముఖ్యంగా చూసింది నెక్ పక్క వైపు కనబడే గీతలు. అవి నెక్ పొడవునా ఆ చివరి నుంచి ఈ చివరికి తిన్నగా పోవాలి. మధ్యలోనే వాలుగా జారి బయటికి వెళ్లిపోతే, నెక్ అక్కడ బలహీనం. నాలుగు బేస్ తీగలు కలిసి డెబ్బై, ఎనభై కిలోల బరువుతో ఆ కర్రని రాత్రీ పగలూ లాగుతూనే ఉంటాయి మరి. చేవ ఉన్న కర్రేనా కాదా అన్నది అక్కడ తేలుతుంది. పెయింటు వేసిన పలక దగ్గర కాదు.

నా నెక్ గీతలు తిన్నగా ఉన్నాయి. ఆ మాట విన్నాక కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

ఇంటికొచ్చి బిగించేటప్పుడు ఒక తప్పు చేశాను. పిక్‌గార్డ్ స్క్రూ ఒకటి తిరుగుతూనే ఉంది, పట్టడం లేదు. చిరాకులో ఇంకో రెండు చుట్లు తిప్పాను. రంధ్రం పూర్తిగా అరిగిపోయింది. బాస్‌వుడ్‌కి ఇదొక్కటే నిజమైన లోపం, చిన్న స్క్రూలని గట్టిగా పట్టుకోదు. టూత్‌పిక్ ముక్కలకి చెక్క జిగురు రాసి రంధ్రంలో దూర్చి, పైకి మిగిలింది కత్తిరించి, మర్నాటిదాకా ఆగి బిగించాను. ఇప్పుడది మిగతా పన్నెండింటికంటే గట్టిగా ఉంది. స్ట్రాప్ బటన్ల స్క్రూలు కూడా చూశాను. అవి ఊడితే గిటార్ నేరుగా నేల మీదే.

తర్వాత ప్రకటన తిరగరాశాను. ఆల్డర్ తీసేసి "బాస్‌వుడ్ బాడీ, మూడు ముక్కలు, ఫ్లాట్‌సాన్ మేపుల్ నెక్" అని పెట్టాను. బరువు 3.9 కిలోలు అని కూడా రాశాను. గిటార్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి తూకం మీదకెక్కి లెక్కేశాను. నెక్ గుంట ఫోటో, గోరు గుర్తుతో సహా, జతచేశాను. ఇక మిగిలింది ఆరో ఫ్రెట్.

ఆరో ఫ్రెట్ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. జి తీగ మీద ఆరో ఫ్రెట్ నొక్కితే సి షార్ప్ వస్తుంది. నా గిటార్‌లో ఆ స్వరం పుట్టగానే పోతుంది. పక్క స్వరాలు నాలుగైదు సెకన్లు నిలబడితే, అది రెండు సెకన్లకే చల్లారిపోతుంది. దీన్ని డెడ్ స్పాట్ అంటారు. జి తీగ మీద అయిదు, ఏడు ఫ్రెట్ల మధ్య ఇలాంటిది నెక్‌ని స్క్రూలతో బిగించిన (బోల్ట్-ఆన్) చాలా బేస్‌లలో ఉంటుంది. నెక్‌కి సహజంగా ఊగే వేగం ఒకటుంటుంది. తీగ వేగం దానితో కలిసిందంటే నెక్ ఆ శక్తిని లాగేసుకుంటుంది, తీగకేమీ మిగలదు. చెక్క బాగోలేక కాదు. 1980ల మొదట్లో వచ్చిన స్టైన్‌బర్గర్ బేస్‌లని చెక్కే లేకుండా గ్రాఫైట్ మిశ్రమంతో చేశారు. బిగువైన కర్ర కావాలన్న వెతుకులాట ఎక్కడిదాకా పోయిందో అదొక్కటి చూస్తే తెలుస్తుంది.

రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. టెన్షన్‌గానే ఉంది. పెయింటు కింద చెక్క గురించి నాకు ఎవరో అబద్ధం చెప్పారు కాబట్టి, అది తెలిసీ నేను ఇంకొకటి దాచిపెడితే ఏం బాగుంటుంది? రాసేశాను.

మెసేజ్‌లు దాదాపు ఆగిపోయాయి. మొదట అడిగిన కుర్రాడు "థాంక్స్ అన్నా, నిజం చెప్పారు, కానీ నేను ఆల్డరే వెతుకుతున్నా" అని వెళ్లిపోయాడు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. రేటు పదో వంతు తగ్గించాను.

మధ్యలో వేరే దేశం నుంచి ఒకాయన అడిగాడు. నేనైతే పెట్టెలో పెట్టి పంపేయడమే అనుకున్నాను. రోజ్‌వుడ్ ఉన్న వస్తువు సరిహద్దు దాటాలంటే నిబంధనలుంటాయని అప్పుడు తెలిసింది. 2017 జనవరి 2 నుంచి అంతర్జాతీయ వన్యజీవి ఒప్పందం సైటీస్ కింద రోజ్‌వుడ్ జాతులన్నిటికీ అనుమతి పత్రాలు కావాల్సి వచ్చింది. 2019 నవంబరు 26 నుంచి పూర్తయిన సంగీత వాయిద్యాలకి మినహాయింపు ఇచ్చారు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కి ఆ మినహాయింపు వర్తించదు, అది 1992 నుంచే అత్యంత కఠినమైన జాబితాలో ఉంది. నా ఫ్రెట్‌బోర్డు ఏ రోజ్‌వుడ్డో రాతపూర్వకంగా చూపించడానికి నా దగ్గర కాగితం లేదు. అంత తలనొప్పి ఎందుకని వద్దన్నాను.

ఏడో వారంలో ఫోన్ చేసినాయన చాలాకాలంగా వాయిస్తున్నవాడని గొంతులోనే తెలిసింది. "ఆరో ఫ్రెట్ గురించి మీరే రాశారు కదా, వచ్చి చూస్తాను" అన్నాడు.

వచ్చి కూర్చున్నాక ఆంప్ (ఆంప్లిఫయర్) వైపు కూడా చూడలేదు. గిటార్‌ని తుపాకిలా పట్టుకుని, ఒక కన్ను మూసి, తల దగ్గర తీగలు ఆనే నట్ వైపు నుంచి నెక్ పొడవునా చూశాడు. వడ్రంగి బద్ద వంకర చూసినట్టే. ముందు ఇ తీగ పక్క అంచు, తర్వాత జి తీగ పక్క అంచు. రెండంచులూ ఒకేలా వంగి ఉంటే నెక్ లోపలుండే ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీతో సరిచేయొచ్చు. ఒకటి ఒకలా, ఇంకోటి ఇంకోలా ఉంటే నెక్ మెలిక తిరిగినట్టు, దానికి తేలికైన మందు లేదు. తర్వాత మొదటి ఫ్రెట్ మీద ఓ చేతి వేలు, చివరి ఫ్రెట్ మీద మోచేయి ఆనించి తీగ నొక్కిపట్టాడు. "ఏదైనా పల్చటి కార్డు ఉందా?" అన్నాడు.

నెక్ గుంటలో దొరికిన విజిటింగ్ కార్డు ముక్క మళ్లీ దాని చోటే పెట్టేశాను కాబట్టి, నా పర్సులోంచి ఇంకోటి ఇచ్చాను. ఏడో ఫ్రెట్ మీద, తీగ కింద దూర్చాడు. తీగని కదపకుండా దూరింది, కాస్త రాసుకుంది. అలాంటి కార్డు మందం సుమారు 0.3 మిల్లీమీటర్లు, బేస్‌కి ఆ మాత్రం ఒంపు సరిపోతుంది. ఆ తర్వాత ట్రస్ రాడ్ తాళం అడిగి, ఎనిమిదో వంతు చుట్టు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పాడు. రాడ్ ఇంకా పనిచేస్తోందా, చివరికంటా బిగించేసి ఉందా అని చూశాడట. తన గిటార్‌లో ఎవరో కళ్లు మూసుకుని తిప్పేసి రాడ్‌ని బిగించే నట్‌ని అరగదీశారని, అది ఆయన పాత గాయమని తర్వాత చెప్పాడు.

నెక్ అంచుల వెంబడి అరచేతిని జార్చాడు. ఫ్రెట్ల కొసలు గీరుకోలేదు. పొడి వాతావరణంలో ఫ్రెట్‌బోర్డు కుంచించుకుపోతుంది, లోహం కుంచించుకోదు, కొసలు రంపపు పళ్లలా బయటికొస్తాయి. అలా ఉంటే చెక్క సరిగా ఆరకముందే గిటార్ తయారుచేశారనో, ఎక్కడో మరీ పొడిగా ఉంచారనో అనుమానించాలి.

అంతా అయ్యాక గిటార్ పైకొమ్ముకి చెవి ఆనించి, ఆంప్ లేకుండానే ఒక్కో స్వరం నెమ్మదిగా మీటాడు. జి తీగ మీద అయిదు, ఆరు. ఆరో ఫ్రెట్ దగ్గర ఆగి నావైపు చూశాడు. "ఉంది" అన్నాడు, ఏదో పోగొట్టుకున్నది దొరికినట్టు. పన్నెండో ఫ్రెట్ స్వరాలు ట్యూనర్‌తో సరిచూశాడు. చివర్లో ఆంప్‌కి పెట్టి రెండు నిమిషాలే వాయించాడు. టోన్ నాబ్ తిప్పితే బరబరమంది. "కాంటాక్ట్ క్లీనర్ కొడితే పోతుంది" అన్నాడు. నేను కొట్టాల్సింది, మరిచిపోయాను.

"బాడీ బాస్‌వుడ్ అండీ" అన్నాను, చదివాడో లేదో అని.

"రాశారుగా" అన్నాడు. అంతే. మరి దాని ఊసే లేదు.

బేరం పెద్దగా ఆడలేదు. నేను తగ్గించిన రేటులోనే ఇంకాస్త తగ్గించమన్నాడు, సగం దగ్గర కలిశాం. తీగలు ఒక స్వరం దించి, నెక్ కింద తువ్వాలు మడిచి పెట్టి బ్యాగులో వేశాను. తలుపు దగ్గర ఆగి "నెక్ గుంటలో షిమ్ ఉందన్నారు, అది తీయలేదుగా?" అన్నాడు. తీయలేదన్నాను. "మంచిది, తీగల ఎత్తు బాగుంది, దాని జోలికి పోను" అన్నాడు.

పది రోజుల తర్వాత మెసేజ్ వచ్చింది. కొత్త తీగలు వేశాడట. నెక్ చివరనున్న హెడ్‌స్టాక్‌కి చిన్న ఇనుప క్లాంప్ బిగించి చూశాడట. ఆరో ఫ్రెట్ ఇప్పుడు గంటలా మోగుతోందట. డెడ్ స్పాట్ అయిదో ఫ్రెట్‌కి జరిగిందట.